వేగు ఎవరు?

సర్కారు కోసం అబద్ధమాడే మనిషిని గూఢచారి అంటరు. ప్రాణం కోసం నిజం చెప్పిన మనిషిని ఇన్ఫార్మర్ అంటరు. మొదటివానికి సినిమాలుంటయి, సీరియళ్లుంటయి, చచ్చిపోతే మీద జెండా కప్పుతరు. రెండోవానికి ఊరవతల ఒక చెట్టుంటది, చెట్టు కింద ఒక శవముంటది, శవం మీద ఒక చీటి ఉంటది. ఈ రెండు మాటల నడుమ దూరమెంతని కొలిస్తే, అది సరిగ్గా ఊరికీ వాడకూ నడుమ ఉన్నంత దూరమే ఉంటది.

నేనీ మాట 'ది ఫ్యామిలీ మ్యాన్' అనే సీరియల్ చూసి చెప్తున్న. తీసినోళ్లు మన తెలుగోళ్లే. రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. ఇద్దరూ తిరుపతి ఇంజనీరింగు కాలేజీల చదివినోళ్లు. మొదటి సీజను 2019ల, రెండోది 2021 జూన్ల, మూడోది 2025 నవంబరుల అమెజాన్ ప్రైమ్‌ల వచ్చినయి. మూడోది వచ్చినంక వనపర్తిల మా అక్క ఇంట్ల రెండో సీజన్ని మళ్లా పెట్టి చూసిన్రు. సీరియల్ల సగం మాటలు అరవం, సగం హిందీ. మా అక్కకు బడి చదువు లేదుగని హిందీ వస్తది. బొంబాయి వలసపోయి పదకొండేండ్లు ఇటుకలు మోసి నేర్సుకున్న హిందీ అది. పాలమూరు లేబర్‌కు దేశంల తెల్వని భాష తక్కువ.

కథ తెల్వనోళ్లకు నాలుగు ముక్కల్ల చెప్తా. శ్రీకాంత్ తివారి అనేటాయన గూఢచారి. మనోజ్ బాజ్‌పాయి ఆ వేషం కట్టిండు. పెండ్లానికి, పిల్లలకు తన కొలువేందో నిజం చెప్పడు. ఫైళ్లు చూసే మామూలు సర్కారు నౌకరినని చెప్పుకుంటడు. రెండో సీజన్ల తొమ్మిది భాగాలున్నయి. చివరికొచ్చే భాగాల్ల ఆయన బిడ్డ ధృతిని శత్రువులు ఎత్తుకపోతరు. ఎత్తుకపోయేది ఎవరు? కళ్యాణ్ అని పేరు చెప్పుకొని, ప్రేమిస్తున్నట్టు నటించి దగ్గరైన పిలగాడు. వాని అసలు పేరు వేరే, అసలు పని వేరే. ఆఖరికి ఆ పసిపిల్ల తన ప్రాణం కోసం తన చేతులతోటే వాన్ని చంపవలసి వస్తది. అది చూసి ఇంట్ల అందరూ కండ్లల్ల నీళ్లు తీసిన్రు. మా మేనల్లుడు డిగ్రీ చదువుతున్నడు. వాడు నన్నడిగిండు: "మామా, దేశం కోసం ఇంట్లోళ్లకు అబద్ధం చెప్పుడు తప్పా?"

మంచి ప్రశ్న. అయితే ఆ ప్రశ్నల మనం లేము. మనం ఏ ప్రశ్నల ఉన్నమో వెతుక్కునేటందుకు ఈ వ్యాసం రాస్తున్న.

మొదలు ఒక సంగతి గమనించాలె. ఆ పిలగాడు ధృతికి చేసింది ఏంది? దొంగ పేరు చెప్పిండు, నమ్మించిండు, దగ్గరయిండు, సమయం చూసి ముంచిండు. ధృతి నాయిన కొలువు కూడ అదే గద? ఆయనా దొంగ పేర్లు చెప్తడు, నమ్మిస్తడు, దగ్గరయితడు, మోసం చేస్తడు. చేసే పని ఒకటే. ఒకరు చేస్తే కర్తవ్యం, ఇంకొకరు చేస్తే కుట్ర. ఎవరి పక్కన చేసిండనే దాన్ని బట్టి పేరు మారుతది తప్ప, మోసపోయిన మనిషికి తగిలే దెబ్బ మారదు. అదే సీజన్ల రాజీ అనే ఈలం తమిళ పిల్ల ఉంటది. సమంత కట్టిన వేషం అది. అయినోళ్లను పోగొట్టుకున్నది, సైనికుల చేతుల చెరచబడ్డది. ఆమె తుపాకి పడ్తే దాని పేరు పగ. తివారి తుపాకి పడ్తే దాని పేరు డ్యూటీ. ఆఖర్ల ఆమె బాంబులున్న విమానం నడుపుకుంట చస్తది. ఆమె చేసేది ఒప్పని నేనంటలేను. ఆ బాంబు కింద సచ్చేటోళ్లల్ల ఆమె పగకు ఏ సంబంధం లేని జనమే ఎక్కువ. నేననేది ఒక్కటే. కర్తవ్యం అనే మాటను పుట్టుకతోటే కొందరి ఖాతాల రాసిపెట్టిన్రు. పగ అనే మాట మిగతోళ్లకు మిగిలింది.

సీరియల్ తీసినోళ్లు అమాయకులు కారు. మొదటి సీజన్ల వాళ్లే ఒక కథ చెప్పిన్రు. కరీం అనే విద్యార్థి స్నేహితులతోటి కలిసి ఏదో పట్టుకపోతుంటడు. బాంబనుకొని గూఢచారులు కాల్చి చంపుతరు. తీరా చూస్తే అది పెద్దకూర. గొడ్డుమాంసం పేరు మీద జరుగుతున్న దౌర్జన్యానికి నిరసనగా ఒక సభల పెట్టాలని తీస్కపోతున్నరు. తప్పు తెలిసినంక డిపార్టుమెంటు ఏం చేస్తది? నిజం చెప్పదు. సచ్చినోడు టెర్రరిస్టే అని ఉంచుతది. తివారి మనసుల కుములుతడు, కొలువు ఇడిచిపెడ్తడు. కాని కరీం పేరు మీది మచ్చ పోదు.

అది చూస్తుంటె నాకు 2012 ఏప్రిల్ 15 యాదికొచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీల మన పిల్లలు పెద్దకూర పండుగ చేసిన్రు. మేము తినేది మా తిండి, సిగ్గుపడేది లేదని ఆకుల వడ్డించుకొని తిన్నరు. దాని మీద దాడులైనయి, కొట్లాటలైనయి. తిండి గిన్నె కూడ బాంబులెక్క కనపడుతదని ఆ రోజు దేశానికి తెలిసింది. మనకు ఎప్పుడో తెలుసు. మా జేజి కూర వండినప్పుడు పొయ్యి మీద మూత గట్టిగ పెడుతుండె. వాసన ఊర్లకు పోతే ఎవరి గొడ్డు సచ్చింది, ఎట్ల సచ్చింది, మీరే మందు పెట్టిన్రా అని చావిడి కాడికి పిలుస్తరని. మా కూర మీద కూడ వేగు ఉండె.

ఇంగ ఆ నల్లరంగు సంగతి. 2021 మేల ట్రైలరు రాంగనే తమిళనాడుల గొడవ లేచింది. ఈలం తమిళుల్ని చెడ్డగ చూపుతున్నరని ఆ రాష్ట్ర సర్కారు కేంద్రానికి ఉత్తరం రాసింది. దాంతోపాటు ఇంకో మాట లేచింది. తెల్లటి సమంతకు నల్లరంగు పూసి కూలిదాన్ని చేసిన్రని. నల్లగుండె నటి దొరకలేదా అని అడిగిన్రు. న్యాయమైన ప్రశ్నే. కాని నాకు అంతకంటె లోపటి ప్రశ్న ఒకటి కనపడ్డది. ఆ రంగు ఎందుకు పూసిన్రు? రాజీ దాక్కోవాలె కాబట్టి. ఆమె ఒక మిల్లుల పనిచేస్తుంటది. సూపర్‌వైజరు ఆమె మీద చెయ్యేస్తడు, బస్సుల ఒకడు ఎంటబడ్తడు. ఇంతమంది మగోళ్లు ఆమె ఒంటిని చూస్తరుగని, ఒక్కడు కూడ ఆమె మనిషని చూడడు. ఈమెకు ఒక ఆలోచన ఉండొచ్చు, ఒక గతం ఉండొచ్చు, విమానం నడిపే తెలివి ఉండొచ్చు అని ఎవనికీ తోచదు. నల్లటి కూలి ఆడదాని రూపం కంటె మంచి దాపు లేదని కథ రాసినోళ్లకు తెలుసు. మనల్ని ఎవరు లెక్కచేయరనే నిజం మీదనే ఆ కథ నిలబడ్డది.

ఇది కొత్త తెలివేం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంల వేగుల మీద అధ్యాయాలే ఉన్నయి. సన్నాసి వేషం, యాపారి వేషం, బిచ్చగత్తె వేషం, వంటోని వేషం, గూని వేషం, మరుగుజ్జు వేషం, మూగ చెవిటి వేషం ఎయ్యాలని చెప్పిండు. ఎవరిని మనుషులుగ లెక్కపెట్టరో వాళ్ల ముందర పెద్దోళ్లు రహస్యాలు మాట్లాడతరు. కాబట్టి ఆ వేషం ఎయ్యమన్నడు. రెండువేల ఏండ్ల కింది ఆ యుక్తే ఇయ్యాల సమంత మొఖం మీద రంగైంది.

కాని మనకు ఇంకోటి కూడ అనుభవం. మనం కనపడము, నిజమే. అదే సమయంల మన మీద ఎప్పుడూ ఒక కన్ను ఉంటది. మనిషిగ కనపడము, అనుమానంగ కనపడ్తము. ఊర్ల దొర ఇంట్ల గొలుసు పోతే పోలీసులు మొదలు వాడకే వస్తరు. కంకులు పోతే వాడకే వస్తరు. హైదరాబాదుల కార్డన్ సెర్చ్ అని పోలీసులు తెల్లారకముందే వచ్చి బస్తీలను చుట్టుముట్టి ఇల్లిల్లు సోదా చేసిన్రు, బండ్ల కాయితాలు అడిగిన్రు. పెద్దోళ్ల బంగళాల గల్లీల్ల అట్ల తాళ్లు కట్టి సోదా చేసిన ముచ్చట నేను వినలేదు. వలసపోయిన మనోళ్లు రాత్రి పని దిగి వస్తుంటె ఎక్కడోళ్లు, ఎందుకొచ్చిన్రు అని ఆపుతరు. అదే రోడ్డు వేసింది, అదే డ్యాము కట్టింది వీళ్లే. కట్టినప్పుడు కనపడలే. నడిచినప్పుడు కనపడ్డరు.

మా తాత సంగతి చెప్తా. ఆయన వనపర్తి తాలూకాల ఒక ఊర్ల మస్కూరి. సంస్థానం ఉన్నప్పుడు మొదలై, నైజాం పోయినంక కూడ నడిచిన ఎట్టి అది. గిర్దావరు వస్తే మంచం మోసేది ఆయనే. అమీన్ సాబు గుర్రానికి గడ్డి కోసేది ఆయనే. డప్పు కొట్టి సాటింపు చేసేది, ఊరి సుద్దిని తాలూకా కచేరికి కాలినడకన మోసేది, పీనుగు దొరికితే రాత్రంత కావలుండేది ఆయనే. పోలీసుపటేలు ఏమడిగితే అది చెప్పాలె. ఎవరింట్ల చుట్టాలు దిగిన్రు, ఎవరు కల్లు తాగి ఏమన్నరు, ఎవరి పొలం గెట్టు ఎవరు జరిపిన్రు.

సీరియల్ల చెల్లం సార్ అని ఒకాయన ఉంటడు. రిటైరయిన గూఢచారి. ఏమడిగినా చెప్తడు. అన్ని ఆయనకు తెలుసు. దేశమంత ఆయన మీద మనసు పడ్డది, జోకులేసుకున్నరు, మెచ్చుకున్నరు. నేను ఆయన్ని చూసినప్పుడల్ల మా తాతే కనపడ్డడు. ఊర్ల ఏ సర్వే నంబరు రాయి ఎక్కడుందో మా తాత చీకట్ల కాలితో తడిమి చెప్తుండె. పట్వారి దఫ్తరుల లేనిది మా తాత పాదాలల్ల ఉండె. కాని ఆయన్ని ఎవరూ సార్ అనలేదు. ఒరే అన్నరు. తెలివి ఒకటే, కులం వేరు. పటేలు పట్వారీలు అడిగి తెలుసుకున్నది వాళ్ల అధికారమైంది. చెప్పిన మా తాతకు చెడ్డపేరు మిగిలింది. గెట్టు తగాదాల ఓడిపోయినోడు పటేలును ఏమనలేక వాడకొచ్చి మా తాతను తిడ్తుండె, "నువ్వే చెప్పినవురా" అని.

1984ల పటేల్ పట్వారీ వ్యవస్థను ఎత్తేసిన్రు. పెద్దోళ్ల పదవి పోయిందిగని కిందోళ్ల పని పోలేదు. పేరు మారుకుంట వచ్చింది. ఆఖరికి వీఆర్ఏ అన్నరు. 2020ల వీఆర్వోలను తీసేసిన్రు, 2023ల వీఆర్ఏలను వేరే శాఖలల్ల సర్దిన్రు. మస్కూరి అనే పేరు ఇయ్యాల కాయితాలల్ల లేదు. ఆ పని చేసిన నడుముల్ల ఉంది.

చెప్పినోని మీదనే నింద పడుడు మన కతలల్ల పాతదే. రామాయణం చూడండి. సీతమ్మను అడివికి పంపింది ఎవరు? రాముడు. జనం ఏమనుకుంటున్నరో చెవిల ఊదింది ఎవరు? వేగులు. మరి లోకం ఎవరిని తిడ్తది? చాకలిని! తన ఇంట్ల, తన పెండ్లాంతోటి, తన కోపంల ఒక మాటన్నడు చాకలి. ఆ ఇంటి గోడకు చెవి పెట్టి విన్నది రాజు మనిషి. విన్నోని పేరు ఎవరికీ యాదిలేదు. తీర్పు చెప్పిన రాజు దేవుడైండు. 'చాకలి మాట' అనేది మాత్రం సామెతలెక్క నిలబడ్డది. శిక్ష సీతమ్మకు, నింద చాకలికి. నడుమ వేగువాడు చల్లగ తప్పించుకున్నడు. మన దేశంల గూఢచర్యం చరిత్ర అంత ఈ ఒక్క కతల ఉంది.

ఇంగ మా చిన్నాయిన. అసలు ఈ వ్యాసం ఆయన గురించే.

1990ల సంగతి. అచ్చంపేట, అమ్రాబాదు, కొల్లాపురం దిక్కు నల్లమల అడివంత దళాలు తిరుగుతున్న రోజులు. మా చిన్నాయినకు అడివి అంచున ఒక ఊర్ల అత్తగారిల్లు. అక్కడనే ఇల్లరికం ఉండె. ఒక రాత్రి ఒక దళం వాడలకొచ్చింది. అన్నం పెట్టమన్నరు. ఉన్న గటక, పచ్చిపులుసు పెట్టిన్రు. తిని, కుండ కడిగి పెట్టి, మంచిగ మాట్లాడి పోయిన్రు. మూడో నాటికి పోలీసులొచ్చిన్రు. వాడంత నిలబెట్టిన్రు. మా చిన్నాయిన చెంప మీద ఒక్కటేసి అడిగిన్రు. ఆయన చెప్పిండు: "వచ్చిన్రు సారూ. ఏడుగురు. అన్నం తిన్నరు." అంతే. ఎటుపోయిన్రో ఆయనకు తెల్వదు, తెల్వదనే చెప్పిండు. నెల తర్వాత దళం వచ్చింది. ఊరందరినీ చింతచెట్టు కింద కూసుండబెట్టి ఆయన్ని కట్టెలతోటి కొట్టిన్రు. ఇన్ఫార్మర్ అన్నరు. మా చిన్నమ్మ చంటిపిల్లను ముందర ఏసి కాళ్ల మీద పడితే ప్రాణంతోటి ఇడిసిపెట్టిన్రు. ఇడిసిపెట్టినందుకు మళ్లా పోలీసులు తీస్కపోయిన్రు. "అందర్ని చంపుతున్నోళ్లు నిన్నెందుకు చంపలే? నువ్వు వాళ్లోనివే" అన్నరు. నాలుగు రోజులు స్టేషన్ల పెట్టి పంపిన్రు. ఆయన ఒక గుంపు మేస్త్రి కాడ అడ్వాన్సు తీస్కొని, పెండ్లాన్ని పిల్లల్ని తోల్కొని భివండి పోయిండు. మళ్లా రాలేదు. అక్కడనే సచ్చిపోయిండు.

ఆ ఊర్ల ఒక పెద్దమనిషి ఉండె. రోజూ పొద్దున స్టేషన్ల చాయ తాగి వస్తుండె. ఎస్సై ఆయన అరుగు మీద కూసుంటుండె. ఆయన్ని ఎవరూ ఇన్ఫార్మర్ అనలేదు. ఆయనది పలుకుబడి. మా చిన్నాయినది ద్రోహం!

జర్మనీల కాంట్ అనే తత్వవేత్త ఉండె. 1797ల ఆయన ఒక వ్యాసం రాసిండు. ఒక హంతకుడు నీ తలుపు కొట్టి, నీ ఇంట్ల దాక్కున్న నీ స్నేహితుడు ఎక్కడున్నడని అడిగితే, అప్పుడు కూడ అబద్ధం చెప్పొద్దని వాదించిండు. సత్యం అంత గొప్పదట. దాని మీద రెండువందల ఏండ్లుగ పండితులు కొట్లాడుతున్నరు. ఆ ప్రశ్నల ఎన్ని సౌకర్యాలున్నయో చూడండి. ఇల్లు మీది. తలుపు గట్టిది. తలుపుకు గొళ్లెం ఉంది. వచ్చిన హంతకుడు ఒక్కడే. వాడు చేతులు కట్టుకొని జవాబు కోసం నిలబడ్డడు. మా చిన్నాయిన గుడిసెకు తడిక ఉండె. ఒకనాడు ఒకరు తన్నిన్రు, ఇంకోనాడు ఇంకొకరు తన్నిన్రు. నిజం చెప్తే ఇటోళ్లు కొడ్తరు, అబద్ధం చెప్తే అటోళ్లు కొడ్తరు. కాంట్ ఈ తడికెను చూసి ఉంటె ఆ వ్యాసం ఇంకో తీరుగ రాస్తుండెనేమో.

మన దిక్కు సత్యానికి హరిశ్చంద్రుడు ఉన్నడు. పాలమూరు పల్లెలల్ల ఆ నాటకం ఆడని ఊరు తక్కువ. జాషువా శ్మశానం పద్యాలు పాడితే జనం వన్స్‌మోర్ అంటరు. రాజు తన సత్యం రుజువు చేసుకునేటందుకు వీరబాహుని కాడ అమ్ముడుపోయి కాటికాపరి అయితడు. జనం అయ్యో అని ఏడుస్తరు. రాజు మూడు దినాలు చేసిన ఆ పనిని మా తాతలు తరతరాలు చేసిన్రు. ఎవరూ దాన్ని సత్యం అనలేదు, ఎవరూ ఏడవలేదు. నీతి అంటే పైనుంచి కిందికి దిగినోనికే వచ్చే బిరుదు. కిందనే పుట్టినోనికి నీతి పరీక్ష పెట్టరు, శిక్ష ఏస్తరు.

ఇక్కడ బాలగోపాల్‌ను తలుచుకోవాలె. పోలీసుల ఎన్‌కౌంటర్ల మీద జీవితమంత కొట్లాడిన మనిషి. ఆయనే ఇంకో దిక్కు కూడ వేలు చూపిండు. ఇన్ఫార్మర్ల పేరు మీద నక్సలైట్లు పేదోళ్లను చంపుడు ఏ న్యాయమని అడిగిండు. ఆ ప్రశ్నలతోటి పాత సంఘంల ఇమడలేక, 1998ల మానవ హక్కుల వేదిక పెట్టిన్రు. రాజ్యం చేసే హింస, తిరుగుబాటు చేసే హింస ఒకటే అని ఆయన అనలేదు. దేనికైనా జవాబు చెప్పాలె అన్నడు. ఆ జవాబు అడిగే హక్కు మా చిన్నాయినసొంటోళ్లకు ఉండాలె. చింతచెట్టు కింద ఆయనకు వకీలు లేడు. స్టేషన్ల కూడ లేడు.

హక్కులు అడిగినోళ్లకు ఏమైందో కూడ పాలమూరు చూసింది. ఈ జిల్లాలనే పనిచేసిన పౌరహక్కుల నాయకుడు పురుషోత్తంను 2000 నవంబరుల హైదరాబాదుల నరికి చంపిన్రు. 2004 అక్టోబరుల చర్చలు జరిగినయి, 2005 మొదట్లనే చెడిపోయినయి. ఆ ఏడు కోబ్రాల పేరుతోటి మొఖం లేని ముఠాలు పుట్టినయి. ముసుగేసుకున్నోడు ఎప్పుడూ దేశం పేరే చెప్తడు.

మీరు ఒక మాట అడగొచ్చు. గూఢచారులు లేకుంటె బాంబులు పేలవా? పేలుతయి. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్ కాడ, లుంబిని పార్కు కాడ పేలి 40 మందికి పైగ సచ్చిన్రు. సచ్చినోళ్లు మామూలు జనం. ముందే తెలుసుకొని ఆపేటోడు ఉంటె బాగుండు అని నేను కూడ అనుకున్న. గూఢచర్యం వద్దని నేనంటలేను. కాని అదే ఏడు మేల మక్కా మసీదుల బాంబు పేలినంక ఏమైంది? పాతబస్తీ ముస్లిం పిలగాండ్లను తీస్కపోయి చిత్రహింసలు పెట్టిన్రు. వాళ్లు నిర్దోషులని తర్వాత కోర్టులే చెప్పినయి. సీరియల్ల కరీం ఒక్కడే. బయట ఎంతమంది కరీంలు!

2024 మార్చిల మన రాష్ట్రంల ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడ్డది. నక్సలైట్ల మీద కన్నేసేటందుకు పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి అధికారులే నాయకుల ఫోన్లు, యాపారుల ఫోన్లు విన్నరని కేసు పెట్టి అరెస్టులు చేసిన్రు. పేపర్లు నెలల తరబడి రాసినయి. వ్యక్తిగత స్వేచ్ఛ అన్నరు, ప్రజాస్వామ్యం అన్నరు. అనాల్సిందే. అయితే నాకు ఒక్కటే తోచింది. మా మీద చెవి పెట్టినన్నాళ్లు అది శాంతిభద్రతలు. పెద్దోళ్ల మీద పెట్టినంక అది నేరం. మా కోసం తయారుచేసిన తాడు వాళ్ల మెడకు తగిలినప్పుడే అది తాడని తెలిసింది.

మరి పగ సంగతి? పగ తీర్చుకునే దారి మనకు ఎవరూ చూపలేదనా? చూపిన్రు. 1985 జులై 17న కారంచేడుల మాదిగ వాడ మీద పడి నరికిన్రు. ఆ కేసుల ముఖ్యుడన్న మనిషిని 1989ల నక్సలైట్లు చంపిన్రు. అది విని చాలామంది మనోళ్లకు కడుపు చల్లబడ్డది. కాదంటె అబద్ధం. కాని కారంచేడు బతుకును మార్చింది ఆ చావు కాదు. చీరాలల శిబిరం పెట్టుకొని కూసున్న ఆడోళ్లు, దళిత మహాసభ పెట్టిన కత్తి పద్మారావు, ప్రభుత్వ వకీలు పదవిని ఇడిచిపెట్టి వచ్చిన బొజ్జా తారకం, వీళ్లు మార్చిన్రు. వాళ్లు దాక్కోలేదు. దొంగ పేర్లు పెట్టుకోలేదు. అందరి కండ్ల ముందర నిలబడి, మా పేరు ఇది, మా కులం ఇది, మాకు జరిగింది ఇది అన్నరు. తీర్పు 2008ల సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇరవై మూడేండ్లు! న్యాయం అంత ఆలస్యమైతే అది న్యాయమేనా అంటె నా కాడ జవాబు లేదు. కాని ఆ ఇరవై మూడేండ్లల్ల ఒక జాతి మాట్లాడుడు నేర్సుకున్నది. గూఢచారి బలం కనపడకపోవుడు. దళితుని బలం కనపడుడు. రెండు దారులు ఎదురెదురు.

ఇప్పుడు మా మేనల్లుని ప్రశ్నకొస్త. దేశం కోసం అబద్ధం చెప్పుడు తప్పా అని వాడు అడిగిండు. దేశం కోసమా, ఇంటి కోసమా అని చూసి నేను తూకం ఎయ్యను. నాకు మూడు ప్రశ్నలున్నయి. ఆ మాట చెప్పినోనికి చెప్పను అనే వీలుండెనా? ఆ మాటకు వెల ఎవరు కట్టిన్రు, చెప్పినోడా, ఇంకొకడా? వెల కట్టినోడు తర్వాత లేచి, నాకెందుకిట్ల చేసిన్రని అడిగే జాగ ఉందా?

తివారికి వీలుండె. ఒకసారి కొలువు ఇడిసిపెట్టి సాఫ్ట్‌వేరు కంపెనీల కూసున్నడు గూడ. మనసు పుట్టి మళ్లా పోయిండు. వెల కట్టింది బిడ్డ. అంతకు ముందు కట్టింది కరీం. బిడ్డకు అడిగే నాయిన ఉన్నడు. కరీంకు అడిగే జాగ లేదు. కాబట్టి తివారి పని తప్పు అని నేను ఒక్క మాటల అనను, కాని ఒప్పు అని చప్పట్లు కొట్టను. మా చిన్నాయినకు చెప్పను అనే వీలు లేకుండె. వెల తనే కట్టిండు. అడిగే జాగ దొరకకుండనే పోయిండు. మూడు ప్రశ్నలల్ల ఏ ఒక్కదాంట్ల కూడ ఆయన తప్పు తేలదు. అయినా ఆయన పేరు ముందర ఇన్ఫార్మర్ అనే మాట ఇప్పటికీ ఆ ఊర్ల అంటుకొని ఉంది. ఆయన పిల్లలు భివండి నుంచి ఆధార్ కాయితాల కోసం వస్తే ఎవరో ఒకరు అంటనే ఉంటరు, "వాని కొడుకులేనా వీళ్లు" అని.

వాళ్ల కోసమే ఇది రాసిన. ఏడుగురొచ్చిన్రు, అన్నం తిన్నరు అని చెప్పినోడు ద్రోహి కాడు. అన్నం పెట్టినోడు కూడ ద్రోహి కాడు. రెండు చేతులా అదే మనిషివి. ఒక చేత్తోటి పెట్టిండు, ఇంకో చేత్తోటి దెబ్బ కాసుకున్నడు. చెప్పను అనే హక్కు ముందు మనిషికి ఇయ్యండి. ఆ తర్వాత సత్యం గురించి, ద్రోహం గురించి మాతోటి మాట్లాడుండ్రి.